కారని గొట్టాల భీమేశ్వరరావు

మా ఐస్‌క్రీమ్ ఫ్యాక్టరీలో నేల మీద ఎక్కడైనా తడి కనిపిస్తే, తుడిచేవాళ్ళకంటే ముందు భీమేశ్వరరావుగారికి కబురు వెళ్ళేది. ఆయన వచ్చి, ప్యాంటు మోకాళ్ళ దగ్గర కాస్త పైకి లాక్కుని, గొంతుక్కూర్చుని, చూపుడువేలు ఆ తడిలో అద్ది నాలుక మీద పెట్టుకునేవారు. కళ్ళు మూసుకునేవారు. చుట్టూ చేరిన పనివాళ్ళు ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళు. చప్పగా ఉంటే గొట్టం మీద పట్టిన చెమట. చేదుగా ఉంటే తొట్లు కడిగిన సబ్బునీళ్లు. ఉప్పగా ఉంటే, చలిని మోసే ఉప్పునీళ్ల గొట్టం ఎక్కడో కారుతున్నట్టు. అప్పుడాయన మొహం వెలిగిపోయేది.

"చెప్పానా అండి? ఇది పాత కాంట్రాక్టరు వేసిన గొట్టం. నాది కాదు," అనేవారు.

ఫ్యాక్టరీ ఢిల్లీ పక్కన ఫరీదాబాద్‌లో. ఆయన అక్కడ రిఫ్రిజరేషన్ ఇంజనీరు, నేను పర్చేజ్ ఆఫీసర్ని. నా పేరు సదాశివరావు, మాది తెనాలి. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని అందరూ అంటారు. ఫరీదాబాద్‌లో సరుకు ఆర్డరిచ్చి, బిల్లులో రాసిన సరుకే గేటు లోపలికి వచ్చిందో లేదో రోజూ చూసుకోవలసిన మనిషికి కోపం ఇంకెక్కడ ఉండాలో వాళ్ళే చెప్పాలి. ఫ్యాక్టరీ మొత్తానికి తెలుగువాళ్ళం మేమిద్దరమే కాబట్టి మధ్యాహ్నం క్యారియర్లు కలిసి విప్పుకునేవాళ్ళం, అవి ఖాళీ అయ్యేదాకా పోట్లాడుకునేవాళ్ళం.

ఆయనది నర్సాపురం. పాలిటెక్నిక్ చదివే రోజుల్లోనే చేపల రేవు పక్కన ఐసు ఫ్యాక్టరీలో పని నేర్చుకున్నారు. అక్కడ ఐసు దిమ్మలు కట్టే తొట్టిలో ఉప్పునీళ్లుంటాయి. ఉప్పు తగ్గితే ఆ నీళ్లే గడ్డకట్టి కూర్చుంటాయి, అందుకని పాళ్ళు చూసుకుంటూ ఉండాలి. చూడటానికి ఒక గాజు పరికరం ఉండేదట. అది పగిలింది, కొత్తది రాలేదు. అక్కడి మేస్త్రీ నాలుకతో చూడటం నేర్పాడు. ఆవకాయలో ఉప్పు చూసే నాలుకకి ఐసు తొట్టి ఒక లెక్కా అన్నాడట. ఆ తర్వాత భీమేశ్వరరావుగారి నాలుక నోట్లో ఊరికే కూర్చోలేదు. ఇక్కడికి వచ్చాక ఆయన కోసం నేను మంచి గాజు పరికరాలు తెప్పించి ఇచ్చాను. పగిలిపోతాయని బీరువాలో పెట్టి తాళం వేశారు.

వాళ్ళ సెక్టారుకి నీళ్ల ట్యాంకరు వస్తే, జనం బకెట్లు పట్టుకుని ముందు ఈయన మొహం వంక చూసేవాళ్ళు. పుక్కెడు నోట్లో పోసుకుని, తల అడ్డంగా ఊపి, "బోరు నీళ్లు. ఖారా హై," అని ఉప్పదనం తేల్చేస్తే ట్యాంకరు వెనక్కి తిరిగి పోవాల్సిందే. డ్రైవరు తిట్టుకుంటూ పోయేవాడు. ఇంకో నాలుగు వీధుల అవతల అవే నీళ్లు పోసి వచ్చేవాడని నా అనుమానం.

ఇంట్లోనూ ఇదే వరస. ఆయన భార్య భానుమతిగారు దేవుడికి నైవేద్యం పెట్టకుండా వంట రుచి చూసే మనిషి కాదు. పులుసు మీద ఆవిరి వాసన పట్టి ఉప్పు సరిపోయిందో లేదో చెప్పేస్తారు. ఈయన మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్ళి, వస్తూ వస్తూ ఆ పులుసులో వేలు ముంచేసేవారు. ఇక అది దేవుడికి పనికిరాదు. ఆవిడ మళ్ళీ చింతపండు నానబెట్టుకోవాలి. ఒకసారి నా ముందే అడిగేశారు.

"నైవేద్యం అవకుండా నాలిక మీద ఏదీ వెయ్యకూడదని మీ అమ్మగారే కదండీ నాకు నేర్పింది? ఆవిడ నేర్పేటప్పుడు మీరు ఊళ్ళో లేరా?"

"ఇంజనీర్లకి ఆ నియమం లేదే," అన్నారాయన, వేలు నాకుతూ.

నాలుక ఒక ఎత్తు, ఆయన గర్వం ఇంకో ఎత్తు. "నేను వేసిన గొట్టం కారదండి, ఆయ్." ఈ మాట ఉద్యోగంలో చేరినప్పుడు యజమాని భాటియాతో అన్నారు. ఆ తర్వాత ప్రతి దీపావళికీ మిఠాయి డబ్బా అందుకుంటూ అన్నారు. తనిఖీకి వచ్చినవాళ్ళతో, పెళ్ళి పందిట్లో పక్క కుర్చీవాళ్ళతో, ఆంధ్రా భవన్ క్యాంటీన్ వరుసలో ముందు నిలబడ్డ ముక్కూమొహం తెలియని మనిషితో కూడా అన్నారు. నిజానికి కారేవి. గొట్టమన్నాక కారదా? అతుకుల్లో వేసే రబ్బరు బిళ్ళలు కొనేది నేను, నాకు తెలియదా? ఆదివారాలు ఎవరూ లేనప్పుడు వచ్చి గుట్టుగా బిగించి పోయేవారు. నిలదీస్తే, "అది కారడం కాదండి సదాశివంగారూ, కాస్త చెమర్చిందంతే," అనేవారు. పాత కాంట్రాక్టరువి కారేవి, ఈయనవి చెమర్చేవి. నాకు ఒళ్ళు మండిపోయేది. అయినా భాటియా దగ్గర నేనెప్పుడూ నోరు విప్పలేదు. పనిలో ఆయన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. పైగా ఆయన క్యారియర్‌లో గోంగూర పచ్చడి ఉండేది.

రెండువేల ఐదు ఫిబ్రవరి నాటికి ఆ ఉప్పునీళ్లు ఇనుప గొట్టాలను తినేసి, మొత్తం మార్చక తప్పని పరిస్థితి తెచ్చాయి. ఎండలు ముదిరేలోపల కొత్తవి నడవాలి. ఐస్‌క్రీమ్‌గా మారాల్సిన పాలను మేము రెండు పొరల స్టీలు తొట్లలో చల్లబరుస్తాం. లోపల పాలు, రెండు పొరల మధ్య సందులో చలిని మోసే ద్రవం. ఆ ద్రవం మిషను దగ్గర చల్లబడి, గొట్టంలో వచ్చి, తొట్టికి చలి ఇచ్చి, మళ్ళీ మిషను దగ్గరికి పోతుంది. ఈసారి దాన్ని గాలి కూడా తగలని మూసిన గొట్టాల్లో తిప్పాలని నిర్ణయం. అందులో మామూలు నీళ్లు పోస్తే గడ్డకడతాయి. ఉప్పునీళ్ల సంగతి చూశాం. మిగిలింది గ్లైకాల్, అంత చలికీ గడ్డకట్టని ఒక రసాయన ద్రవం. అందులో రెండు రకాలు.

ఇథిలీన్ రకం చవక, పలచన, చలిని బాగా మోస్తుంది, చిన్న పంపుతో పని జరిగిపోతుంది. దానికి ఒక్కటే లోపం, విషం. ప్రొపిలీన్ రకం ఖరీదు. చలి తగిలితే, ఢిల్లీ చలికాలంలో మన కొబ్బరినూనె సీసాలాగా, కదలడానికి బద్ధకిస్తుంది. పెద్ద పంపు పెట్టి తొయ్యాలి. కానీ అది తినే సరుకుల్లోనూ వాడే రకం. పొరపాటున పాలల్లో నాలుగు చుక్కలు కలిసినా ఎవరి ప్రాణమూ పోదు.

భాటియాకి ఇథిలీన్ కావాలి. మనిషి చెడ్డవాడేమీ కాదు. చవకది ఉండగా ఖరీదైనది కొనమంటే ఆయనకి రాత్రి నిద్ర పట్టదు, అంతే. పైగా మనుషుల్ని ఎక్కడ గోకాలో తెలిసినవాడు. మా ఇద్దర్నీ గదిలోకి పిలిచి భీమేశ్వరరావుగారి భుజం మీద చెయ్యేశాడు.

"రావ్ సాబ్, మీరు వేసిన పైపు లీక్ అవుతుందా?" అని హిందీలో అడిగాడు.

"సవాల్ హీ నహీ, సాబ్," అన్నారీయన, ఛాతీ విరిచి.

"అచ్ఛా. లీకే కానప్పుడు లోపల అమృతం ఉంటే ఏం, విషం ఉంటే ఏం? ఇథిలీన్ చాలని రాసి సంతకం పెట్టండి. ఆ పైన నేను చూసుకుంటా."

పొగడ్తతో కాళ్ళు కట్టేయడమంటే ఇదే. ప్రొపిలీన్ కావాలంటే, నా గొట్టం కారుతుందని భీమేశ్వరరావుగారు సొంత నోటితో ఒప్పుకోవాలి. ఇథిలీన్ చాలంటే, ఎండాకాలం సరోజినీ నగర్ మార్కెట్లో అమ్మ కొంగు పట్టుకుని తిరిగే పిల్ల చేతిలోని కప్పుకీ, ఆ విషానికీ మధ్య ఒక స్టీలు రేకు, ఈయనగారి మాట మాత్రమే అడ్డం ఉంటాయి. రేకు సంగతి నాకు తెలియదు. మాట సంగతి బాగా తెలుసు, రబ్బరు బిళ్ళలు కొన్నవాణ్ణి కాబట్టి.

ఆ మధ్యాహ్నమే క్యారియర్ల దగ్గర అడిగాను.

"రావుగారూ, కారితే?"

"కారదండి."

"ఒకవేళ?"

"నా దగ్గర ఒకవేళలు ఉండవండి."

"పోనీ, చెమరిస్తే?"

ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నా వైపు చూశారు. తర్వాత గోంగూర పచ్చడి గిన్నె మెల్లగా తన వైపు లాక్కున్నారు. ఆ రోజు నేను పెరుగన్నం ఉత్తదే తిన్నాను.

అలాగని సంతకమూ పెట్టలేదు. లెక్కలు వేయడం మొదలుపెట్టారు. ఏది ఎంత చలి మోస్తుంది, ఏది ఎంత చిక్కన, పంపుకి ఎంత కరెంటు కాలుతుంది. ప్రతి లెక్కలోనూ ఇథిలీనే గెలిచేది. గెలిచిన ప్రతిసారీ ఆయన ఆ కాగితం చింపి ఇంకో లెక్క మొదలుపెట్టేవారు. గెలిచినదాన్నే మళ్ళీ మళ్ళీ పోటీకి దింపే న్యాయనిర్ణేతను నేనెక్కడా చూడలేదు. భాటియా రోజుకోసారి గుమ్మంలోంచి తొంగి చూసి, "హో గయా, రావ్ సాబ్?" అని అడిగి పోయేవాడు. చివరికి, రెండు రకాలూ కళ్ళతో చూడకుండా తేల్చలేనని చెప్పి, గుర్గావ్‌లో గ్లైకాల్ అమ్మే కంపెనీకి నా చేత ఫోన్ చేయించారు.

టై కట్టుకుని ఒక సేల్స్ మనిషి వచ్చాడు. ఒకే రకం గాజు సీసాలు రెండు తెచ్చాడు. ఎర్రమూతది ఇథిలీన్, పచ్చమూతది ప్రొపిలీన్. భాటియా గదిలో బల్ల మీద పెట్టి, మూతలు రెండూ తీసి పక్కన పడేశాడు. చాయ్ గ్లాసులు పెట్టుకోవడానికి భాటియా ఆ సీసాల్ని అటూ ఇటూ జరిపాడు.

"చూశారా సార్, రెండూ నీళ్లలాగే ఉంటాయి. ఎవరూ తేడా పట్టలేరు," అన్నాడు సేల్స్ మనిషి.

భీమేశ్వరరావుగారు ఆ మాటను సవాలుగా తీసుకున్నారని తర్వాత ఫ్యాక్టరీలో చెప్పుకున్నారు. నేను పక్కనే ఉన్నాను, అదేం కాదు. ఆయన బుర్ర లెక్కల్లో ఉంది, వేలు తన పని తాను చేసింది. దగ్గరగా ఉన్న సీసా మూతిలో దూరింది, తడిసి వచ్చింది, నాలుక మీదికి వెళ్ళింది. కళ్ళు మూతపడ్డాయి.

"తియ్యగా ఉందండి," అన్నారు. "చలిమిడి పాకం పాళ్ళు."

ముందుగా తేరుకున్నది సేల్స్ మనిషి. "సార్, ఏ సీసా?" అన్నాడు. అప్పుడు అందరం సీసాల వంక చూశాం. మూతలు బల్ల మీద పడి ఉన్నాయి. సీసాలు కవల పిల్లల్లా నిలబడి ఉన్నాయి.

"మీ నాలుకే అంత గొప్పదైతే ఏదో చెప్పండి ఇప్పుడు," అని నేను అరిచాను. భయం వేస్తే నాకు అరుపే వస్తుంది.

"రెండూ తీపే సార్," అన్నాడు సేల్స్ మనిషి, ఏడుపు గొంతుతో.

ఉన్నట్టుండి అతనికి ఒక సంగతి గుర్తొచ్చింది. ఇథిలీన్ ఒంట్లోకి పోతే డాక్టర్లు విరుగుడుగా ఆల్కహాల్ ఇస్తారని ట్రైనింగులో చెప్పారట. భాటియా ఇంకో మాట వినకుండా సొరుగు లాగి, విస్కీ సీసా తీసి, చాయ్ గ్లాసు ఖాళీ చేసి అందులో పోశాడు. భీమేశ్వరరావుగారు కుర్చీతో సహా వెనక్కి జరిగారు.

"అమ్మో, మా ఇంటా వంటా లేదండి. నేను ముట్టనండి."

"ఇందాక ముట్టింది మీ ఇంట్లో ఉందా?" అన్నాను.

"అది వేరండి. అది డ్యూటీ."

అడగకుండానే విషం నాకిన మనిషి, బతిమాలినా విరుగుడు పుచ్చుకోలేదు. పోసింది పారబోయడం ఇష్టంలేక భాటియాయే తాగేసి, డ్రైవర్ని పిలిచాడు. కారులో ఆసుపత్రికి పోతుంటే మథురా రోడ్డు మీద లారీలు అడ్డం. నేను ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. చెయ్యి చల్లగా ఉంది. ఆయన పోతే ఎవరితో పోట్లాడాలి అనిపించింది.

ఆసుపత్రిలో డాక్టరు అంతా విని, నవ్వు ఆపుకుని, వేలితో నాకినంత మాత్రాన ఏ సీసా అయినా ఏమీ కాదన్నాడు. జాగ్రత్త కోసం రక్తం పరీక్ష చేసి, సాయంత్రం దాకా మంచం మీద ఉంచుతామన్నాడు. సూది పట్టుకుని వచ్చిన నర్సు తెలుగమ్మాయి, పేరు దయావతి, రేపల్లె వైపు.

"ఏం తాగారంకుల్?" అంది.

"తాగలేదమ్మా. రుచి చూశాను."

"ఎందుకూ?"

ఆయన సూది కోసం చొక్కా చెయ్యి పైకి మడుచుకున్నారు.

ఇంతలో భానుమతిగారు ఆటో దిగి పరుగెత్తుకుంటూ వచ్చారు. ఆయన్ని తల నుంచి కాళ్ళదాకా చూసి, బతికే ఉన్నారని తేల్చుకున్నాక అందుకున్నారు.

"పులుసయింది, పాయసమయింది, ఇప్పుడు ఫ్యాక్టరీ విషాల మీద పడ్డారా? నోట్లో పెట్టుకునే ముందు అదేంటో తెలుసా మీకు?"

"తెలీదు."

"పెట్టుకున్నాక తెలిసిందా?"

"తెలీలేదు."

"మరి ఆ నాలిక ఎందుకండీ మీకు?" అని, మంచం పట్టె మీద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేశారు. ఆయన ఆవిడ భుజం మీద చెయ్యి వేయబోయి, వేలు చూసుకుని, ఆ చెయ్యి వెనక్కి తీసుకుని రెండోది వేశారు.

కాసేపటికి నన్ను దగ్గరికి పిలిచారు. "సదాశివంగారూ, ఉప్పైతే తెలిసేదండి. మన ఫ్యాక్టరీలో అన్నీ తీపే కదా. పాలు తీపి, పాకం తీపి, ఇది కూడా తీపేనండి. ఇది కారితే నాకు తెలీదు." ఆయన గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

దయావతి రక్తం తీసుకుంటూ మాటల్లో మా ఫ్యాక్టరీ పేరు వింది.

"ఓ, మీ ఐస్‌క్రీమేనా అంకుల్? మా పాప పెర్సిస్‌కి అదంటే పిచ్చి. ఎన్నిసార్లు జలుబు చేసినా అదే కావాలంటది. అవునూ, మీరు నాకిన మందు దాన్లో కలవదుగా?"

అమ్మాయి మామూలుగానే అడిగింది, సూది గుచ్చినచోట దూది అదుముతూ. ఆయన నోరు తెరిచారు. ఆ ప్రశ్నకి జవాబు ఎన్నో ఏళ్ళుగా ఆయన నోట్లో తయారుగా ఉంది. కారదమ్మా అంటే అయిపోతుంది. నేనూ, భానుమతిగారూ ఎదురుచూశాం.

"ఎంత ఉంటుందమ్మా మీ పాప?" అన్నారు చివరికి.

"ఒకటో క్లాసంకుల్. హిందీలోనే మాట్లాడుద్ది, తెలుగు రమ్మంటే రాదు."

ఆయన తల ఊపి, గోడ వైపు తిరిగి పడుకున్నారు. సాయంత్రం, రక్తంలో ఏమీ లేదని తేల్చి ఇంటికి పంపేశారు.

మర్నాడు భాటియా మళ్ళీ గదిలోకి పిలిచాడు. ఈసారి కాగితం టైపు చేయించి ఉంచాడు, ఇథిలీన్ చాలని. కలం మూత తీసి అందించాడు.

"రావ్ సాబ్, భగవంతుడి దయవల్ల గండం గడిచింది. ఇక సంతకం పెట్టండి. మీ పైపు ఎలాగూ లీక్ కాదు."

భీమేశ్వరరావుగారు కలం తీసుకోలేదు. బడిలో మాస్టారి ముందు నిలబడ్డట్టు చేతులు కట్టుకుని లేచి నిలబడ్డారు.

"లీక్ అవుతుంది, సాబ్," అన్నారు. హిందీలో చెప్పింది చాలదనిపించిందేమో, నా వైపు తిరిగి తెలుగులోనూ అన్నారు. "కారతాయండి. నేను వేసినవీ కారతాయి."

ఈ మాట ఆయన నోట ఎప్పుడు వింటానా అని నేను ఏళ్ళ తరబడి కాచుక్కూర్చున్నాను. విన్నప్పుడు ఏమేం అనాలో కూడా మాటలు సిద్ధం చేసుకున్నాను. ఒక్కటీ నోటికి రాలేదు. ఆయన చెవులు ఎర్రబడి ఉన్నాయి. నాకు ఆయన మీద జాలేసింది, అంతకంటే ఎక్కువగా గర్వంగా అనిపించింది.

ఆయన అక్కడితో ఆపలేదు. ప్రొపిలీన్ కావాలన్నారు. దాన్ని తొయ్యడానికి పెద్ద పంపు కావాలన్నారు. కారితే కంటికి కనపడేలా అందులో తినదగిన రంగు కలపాలన్నారు. ప్రతి అతుకు కిందా ఒక స్టీలు పళ్ళెం పెట్టించాలని, ముందుగా తన చేత్తో వేసే అతుకుల కిందే పెట్టించాలని అన్నారు. కరెంటు బిల్లు ఎక్కువొస్తే తన పేరు చెప్పి తిట్టుకోవచ్చని కూడా అన్నారు.

భాటియా కుర్చీలో వెనక్కి వాలాడు. అతని మొహంలో కోపం కంటే మోసపోయిన బాధే ఎక్కువగా కనిపించింది.

"ఇన్నేళ్ళూ లీక్ కాదు, లీక్ కాదు అని నాతో అన్నారు. ప్రతి దీపావళికీ అన్నారు. అదంతా అబద్ధమా, రావ్ సాబ్?"

"అబద్ధమే, సాబ్," అన్నారు భీమేశ్వరరావుగారు. "అప్పుడు లోపలున్నది ఉప్పునీళ్లు."

భాటియా కలానికి మూత పెట్టి, నా వైపు తిరిగి, ప్రొపిలీన్‌కి ఆర్డరు రాయమన్నాడు.